పాత మిలిటరీ ట్రక్కు: కొనడం, గేరు వేయడం, నిలబెట్టుకోవడం

శక్తిమాన్, నిస్సాన్ వన్ టన్, జోంగా. సైన్యం వాడి వదిలేసిన బండ్లు అనగానే మొదట గుర్తొచ్చే పేర్లు ఇవే. శక్తిమాన్ డీజిలు ట్రక్కు, జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి జబల్పూరులో తయారైంది. వన్ టన్, జోంగా రెండూ నిస్సాన్ డిజైన్లే. వాటిలో ఉండేది 3,956 సీసీ ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. అవీ జబల్పూరు వెహికల్ ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. జోంగా జీపు కోవలోకి వస్తుంది గానీ గేర్ల విషయంలోనూ ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందించే ఏర్పాటు) విషయంలోనూ మిగతా రెండిటికీ చెప్పేదంతా దానికీ పనికొస్తుంది.

మన నెల్లూరు, ప్రకాశం వైపు రొయ్యల గుంటల గట్లకీ, పొదలకూరు, గూడూరు నిమ్మతోటలకీ, వాన పడితే లోపలికి పోలేని నల్లరేగడి చేలకీ ఇవి బాగా సరిపోతాయి. ఎంత మొండి బండ్లైనా రెండు కారణాల వల్ల చెడిపోతాయి: గేరు దగ్గర తొందర, నూనెల దగ్గర బద్ధకం. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇచ్చాం.

కాగితాలు చూశాకే బానెట్ ఎత్తండి

సివిల్ రిజిస్ట్రేషను ఉన్న బండినే కొనండి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు తుక్కు కేంద్రాలకు పోవాలన్న నిబంధన వచ్చింది. వేలంలో తుక్కు కింద అమ్మిన బండికి ఆర్‌సీ రాదు. మధ్యవర్తి ఎన్ని మాటలు చెప్పినా, వేలం షరతుల్లో రోడ్డు మీద నడుపుకోవచ్చని స్పష్టంగా లేకపోతే డబ్బు కట్టొద్దు. సైన్యం నుంచి బయటికొచ్చిన బండిని మొదటిసారి రిజిస్టర్ చేయడానికి కేంద్ర మోటారు వాహన నిబంధన 47 కింద ఫారం 21లో అసలు సేల్ సర్టిఫికెట్ కావాలి. పాత ఆర్‌సీ ఉన్న బండికైనా ఆ సర్టిఫికెట్ జిరాక్సు అడిగి తీసుకోండి. ఛాసిస్ నంబరు మీద ఎప్పుడైనా పేచీ వస్తే అక్కరకొచ్చేది అదే.

ఛాసిస్ రైలు మీది తుప్పు ఇసుక కాగితంతో మెల్లగా తీసి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది నంబరు ముద్ర తీయండి. ఆర్‌సీలో ఉన్నదానితో ఒక్క అక్షరం తేడా వచ్చినా బేరం మానుకోండి. ఇంజను నంబరుకూ ఇంతే. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిలు ఇంజను ఎక్కించిన వన్ టన్‌లు, జోంగాలు చాలా ఉన్నాయి. ఇంజను మార్పు ఆర్‌సీలోకి ఎక్కి ఉంటే పర్వాలేదు. ఆర్‌సీలో పెట్రోలు, బానెట్ కింద డీజిలు అయితే అది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధం. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే.

పేరు మార్పుకు ఫారం 29, 30. వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 మీద ఎన్‌ఓసీ. గూడ్సు బండిగా రిజిస్టరై, మొత్తం బరువు 3,000 కిలోలు దాటితే పర్మిట్ కావాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి, గ్రీన్ ట్యాక్సు అదనం. 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషను వస్తుంది కదా అని ఆశపడేవాళ్లున్నారు. 2021లో వచ్చిన ఆ నిబంధన టూవీలర్లకూ, సొంత వాడకానికి ఉన్న ప్యాసింజరు ఫోర్ వీలర్లకూ మాత్రమే. సరుకు ట్రక్కుకు వర్తించదు.

లైసెన్సుకు గీటురాయి ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు. 7,500 కిలోల లోపైతే ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలు. ఆ పరిధిలోని రవాణా బండికి విడిగా ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అది దాటితే హెవీ లైసెన్సు తప్పదు.

రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ వాహనాలకే చెందిన రంగు, నిబంధన 121 ఆ మాట సూటిగా చెబుతుంది. బూడిద రంగో, ఇసుక రంగో, నీలమో వేయించి ఆర్‌సీలో రాయించుకోండి. పైకి బాణం గుర్తున్న పాత సైన్యం నంబరు ప్లేటు అందం కోసమైనా ఉంచకూడదు.

బండిని చూసే పద్ధతి

చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరొచ్చేసరికి ఇంజను వేడిగా ఉందంటే స్టార్టింగ్ ఇబ్బంది దాస్తున్నారేమో అని అనుమానించాలి. రేడియేటరు మూత తీసి నీటి మీద నూనె తెట్టు ఉందేమో, డిప్‌స్టిక్ నూనె మజ్జిగ రంగులోకి తిరిగిందేమో చూడండి. ఈ రెంటిలో ఏది కనిపించినా హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు, లేదా హెడ్డే పగిలి ఉండొచ్చు.

తర్వాత కిందికి దూరండి. కమాను కట్టలు ఛాసిస్‌కు కలిసే బ్రాకెట్ల చుట్టూ పగుళ్లు వెతకండి. వెల్డింగు మచ్చలుంటే ఒకప్పుడు ఓవర్ లోడు లాగిందన్నమాట. సముద్రం వైపు తిరిగిన బండైతే క్రాస్ మెంబర్ల లోపలి వైపు సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే గట్టిది, మెత్తగా డబ్‌మంటే లోపల తుప్పు తినేసింది. ముందు చక్రాల వెనక గుండ్రటి గిన్నెల్లాంటి స్టీరింగ్ నకిల్స్ ఉంటాయి. వాటిమీద పలచగా గ్రీజు అంటుకుని ఉంటే మంచిదే. నూనె ధారగా కారుతుంటే యాక్సిలు సీలు పోయి, హౌసింగ్ (యాక్సిలు మధ్యనున్న గేర్ల పెట్టె) నూనె అక్కడికి వస్తోందని అర్థం.

నడిపి చూసేటప్పుడు మూడు పరీక్షలు. ఒకటి, క్లచ్: హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, చక్రాలకు అడ్డం పెట్టి, టాప్ గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు అయిపోయింది. రెండు, గేరు ఊడటం: ప్రతి గేరులోనూ కొంచెం వేగం తెచ్చి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేయండి. గేరు రాడ్డు న్యూట్రల్‌కు ఎగిరిపడితే లోపల పళ్లో బేరింగో అరిగాయి. మూడు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె): మట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి తీయండి, లో రేంజ్ (వేగం తగ్గించి బలం పెంచే గేరు) కూడా వేసి చూడండి. లివరు కదలకుండా బిగుసుకుపోయి ఉంటే ఏళ్ల తరబడి ఎవరూ దాన్ని ముట్టుకోలేదన్నమాట. అది పెద్ద జబ్బు కాదు గానీ బేరం తగ్గించడానికి పనికొస్తుంది.

ఇంటికి తెచ్చాక మొదట నూనెలు

పాత యజమాని “మొన్ననే మార్పించాం” అన్నా సరే, అన్నీ తీసేయండి. అరగంట నడిపి, వేడి మీదే కింది ప్లగ్గులు విప్పండి. ఒక జాగ్రత్త: గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, హౌసింగులు, వీటిలో దేనికైనా ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్గు ఊడుతుందని తేల్చుకున్నాకే కింది ప్లగ్గు మీద చెయ్యి వేయండి. నూనె అంతా కారిపోయాక పైది బిగుసుకుపోయిందని తెలిస్తే బండి అక్కడే ఉండిపోతుంది.

పెట్రోలు ఇంజనుకు మన ఎండల్లో 20డబ్ల్యూ-50, డీజిలుకు 15డబ్ల్యూ-40 సరిపోతుంది. గేరుబాక్సుకు జీఎల్-4 రకం ఈపీ 90 పోయండి. జీఎల్-5 పోయకండి. జీఎల్-5లోని గంధకం మందు ఇత్తడి సింక్రో రింగులను (గేరు వేసేటప్పుడు పళ్ల వేగాలు కలిపే రింగులను) తినేస్తుంది. హౌసింగుల సంగతి వేరు. క్రౌన్, పినియన్ పళ్లు ఒకదానిమీద ఒకటి జారుతూ తిరుగుతాయి కాబట్టి వాటికి జీఎల్-5, 85డబ్ల్యూ-140 మంచిది. కొట్లో “రెండూ గేరాయిలేగా” అంటారు. డబ్బా మీది అక్షరాలు చదివి తెచ్చుకోండి. నూనె మట్టం ఫిల్లర్ రంధ్రం అంచు దాకా. చిటికెన వేలు పెడితే మొదటి కణుపుకే నూనె తగలాలి.

తీసిన ప్లగ్గుల మీద అయస్కాంతం ఉంటే దాన్ని పట్టి చూడండి. బూడిద రంగు మెత్తటి ముద్ద మామూలు అరుగుదలే. గోరంత ఇనుప పెళ్ల కనిపిస్తే గేరు పన్ను విరిగిందని అర్థం, ఆ బాక్సు విప్పకుండా నడపకూడదు. ఇత్తడి పొడి మెరుస్తుంటే సింక్రో రింగులు పోతున్నాయి.

గ్రీజు నిప్పళ్లు (గ్రీజు కొట్టే చిన్న మూతులు) ఎన్నున్నాయో ఒకసారి లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి: షాఫ్టుల క్రాసులు, స్లిప్ జాయింట్లు, కమాను పిన్నులు, స్టీరింగ్ రాడ్డు చివరలు, కింగ్ పిన్నులు. పాత గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టాలి. షాఫ్టు క్రాసుకు నాలుగు వైపులా గ్రీజు రావాలి. మూడు వైపులే వస్తే నాలుగో బేరింగు ఎండిపోయి ఉంది, కొన్నాళ్లలో అది విరిగి షాఫ్టు కిందపడుతుంది.

గేరు వేయడం

ఈ బండ్లలో కొన్ని గేర్లకు, ముఖ్యంగా మొదటిదానికీ రివర్సుకూ, సింక్రో ఉండదు. సింక్రో ఉన్న గేర్లలోనూ దశాబ్దాల వాడకంలో అది అరిగిపోయి ఉంటుంది. కారు గేరు వేసినట్టు వేస్తే గరగరమంటుంది. ఆ చప్పుడైన ప్రతిసారీ పన్ను అంచు కొంచెం కొంచెం రాలుతుంది. దీనికి మందు పాత లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ అనే పద్ధతి.

ఎందుకో తెలిస్తే చేతికి త్వరగా వస్తుంది. గేరుబాక్సులో కింద కౌంటర్ షాఫ్టు ఉంటుంది, ఇంజను వైపు నుంచి తిరిగేది అది. పైన చక్రాల వైపుకు పోయే షాఫ్టు, దాని వేగం బండి వేగాన్ని బట్టి. గేరు మెత్తగా పడాలంటే పడబోయే రెండు పళ్ల వేగం సమానం కావాలి. కౌంటర్ షాఫ్టు వేగాన్ని మీరు మార్చగలిగేది ఇంజనుతోనే, అదీ క్లచ్ పెడల్ పైకి ఉన్నప్పుడే. కాబట్టి న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదలాలి.

పై గేరుకు పోయేటప్పుడు: యాక్సిలరేటర్ వదిలి క్లచ్ తొక్కండి, రాడ్డు న్యూట్రల్‌కు తెచ్చి క్లచ్ వదలండి. ఇంజను చప్పుడు దిగేదాకా ఒక్క క్షణం ఆగండి. మళ్లీ క్లచ్ తొక్కి పై గేరు వేసి వదలండి. ఆ ఆగే క్షణమే అసలు విద్య. పొద్దున్నే నూనె చిక్కగా ఉంటుంది కాబట్టి షాఫ్టు త్వరగా నెమ్మదిస్తుంది, గేరు కూడా చురుగ్గా వేయాలి. మధ్యాహ్నం నూనె పలచబడ్డాక ఇంకొంచెం ఎక్కువ ఆగాలి. ఒకే బండి ఉదయం ఒకలా సాయంత్రం ఒకలా గేరు పడుతోందంటే కంగారు పడక్కర్లేదు, కారణం ఇదే.

కింది గేరుకు దిగేటప్పుడు ఒక పని ఎక్కువ. క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి యాక్సిలరేటర్ ఒక్క తన్ను, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు, వదలడం. ఎంత తన్నాలి? మూడో గేరు నిష్పత్తి 1.6, రెండోది 2.8 అనుకోండి. మూడులో ఇంజను 1,200 చుట్లు తిరుగుతుంటే, అదే వేగంలో రెండులోకి రావాలంటే 2,100 చుట్లు కావాలి. అంటే దాదాపు రెట్టింపుకు దగ్గర. కొత్తవాళ్లంతా తక్కువ తంతారు, అందుకే కింది గేరు దగ్గరే ఎక్కువ చప్పుడు వస్తుంది. కాస్త ఎక్కువే తన్ని, చుట్లు దిగొస్తుండగా రాడ్డును రెండు వేళ్ల బలంతో గేరు మీద ఆనించి ఉంచండి. వేగాలు కలిసే చోట రాడ్డులోని వణుకు ఒక్కసారిగా తగ్గిపోతుంది, ఆ క్షణంలో అది తనంతట తనే లోపలికి జారుతుంది. అరచేత్తో నెట్టాల్సి వచ్చిందంటే వేగం కుదరలేదు. బలవంతం చేయకుండా న్యూట్రల్‌కు తెచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

నేర్చుకోవడానికి ఊరి బయట ఖాళీ లేఅవుట్ చాలు. మొదట రెండు, మూడు గేర్ల మధ్యే పైకీ కిందికీ తిప్పుతూ ఉండండి. చెవికి అలవాటయ్యేదాకా హైవే ఎక్కొద్దు. నెల్లూరు, ఒంగోలు మధ్య ఎన్‌హెచ్-16 మీద బండ్ల వేగంలో గేరు తప్పితే సర్దుకునే తీరిక దొరకదు.

బండి నిలిచి ఉండగా మొదటి గేరో రివర్సో గరగరమంటే, క్లచ్ తొక్కి మూడు నాలుగు క్షణాలు ఆగి వేయండి. అప్పటికీ పడకపోతే క్లచ్ తొక్కే ఉంచి ముందు సింక్రో ఉన్న పై గేరు ఒకదాన్ని తాకించండి, షాఫ్టు ఆగుతుంది, వెంటనే రివర్సు వేయండి. ఇంత చేసినా చప్పుడు పోకపోతే తప్పు గేరుబాక్సుది కాదు, క్లచ్ పూర్తిగా విడవట్లేదు. పెడల్ పైన అంగుళం దాకా ఖాళీ ఆట ఉండాలి. అంతకంటే బాగా ఎక్కువుంటే క్లచ్ విడవదు, అసలే లేకపోతే రిలీజ్ బేరింగు ఎప్పుడూ ఒరుసుకుంటూ ప్లేటు జారుతుంది. హైడ్రాలిక్ క్లచ్ అయితే లైనులో గాలి చేరిందేమో చూడాలి. ఆటా గాలీ రెండూ సరిగ్గా ఉన్నాయంటే ప్లేటు వంగి ఉండొచ్చు, ఫ్లైవీల్‌లోని పైలట్ బేరింగు ఎండిపోయి ఉండొచ్చు.

గేరు ఊడిపోతోందని రాడ్డుకు తాడు కట్టి నడిపేవాళ్లున్నారు. అలా చేస్తే లోపలి ఫోర్కు అరిగి, పదితో పోయేది వందకు వస్తుంది. ముందు పైమూతలో గేరు రైళ్ల మీద ఉండే స్ప్రింగులు, గుండ్లు తీసి చూడండి. స్ప్రింగు చచ్చిపోయి ఉంటే కొత్తవి వేస్తే సరిపోతుంది, బాక్సు దింపక్కర్లేదు. అప్పటికీ ఊడుతుంటే మాత్రం బేరింగులు, పళ్ల అంచులు చూడటానికి బాక్సు దింపాల్సిందే. గుండ్లు తీసేటప్పుడు చుట్టూ పాత బట్ట కప్పండి, అవి ఎగిరి బాక్సులో పడితే పని రెట్టింపవుతుంది.

ఖాళీ బండిని చదును నేల మీద రెండో గేరులో కదిలించొచ్చు, చాలా ట్రక్కుల్లో మొదటి గేరు ఎత్తుకూ లోడుకూ పెట్టిందే. క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి నడపడం, ఎత్తులో బండిని క్లచ్ మీద నిలబెట్టడం రెండూ మానుకోవాలి. హ్యాండ్ బ్రేక్ ఉన్నది అందుకే.

ఘాట్లకు ఒక్కటే నియమం: దిగబోయే వాలుకు సరిపడే గేరు పైనే, బండి ఇంకా నెమ్మదిగా ఉండగానే వేసేయాలి. రాపూరు నుంచి చిట్వేలికి పోయే దారిలోనైనా, దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలోనైనా, వాలు మధ్యలో కింది గేరు కోసం న్యూట్రల్ చేసి, అది పడకపోతే బండి మొత్తం బరువు బ్రేకుల మీదికొస్తుంది. అలా జరిగితే మళ్లీ మళ్లీ గేరు వెతక్కండి. గట్టిగా బ్రేకు తొక్కి దాదాపు ఆపేసి, మొదటి గేరు వేసి బయల్దేరండి. ఏ గేరులో ఎక్కగలిగారో, అదే గేరులోనో దానికింది గేరులోనో దిగాలి.

ఫోర్ వీల్ ఎప్పుడు, ఎప్పుడు కాదు

ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేని బండ్లివి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. మట్టిలో, ఇసుకలో చక్రం కొంచెం జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు కాబట్టి షాఫ్టులు మెలితిరిగి బిగుసుకుంటాయి. స్టీరింగు బరువెక్కుతుంది, ఫోర్ వీల్ లివరు బయటికి రానంటుంది. చివరికి క్రాసో, ట్రాన్స్‌ఫర్ గేరో విరుగుతుంది. లివరు రాకపోతే సుత్తి అందుకోకండి. నేరుగా కొన్ని గజాలు రివర్సు తీస్తే బిగువు వదులుతుంది. లో రేంజ్‌కు బండిని పూర్తిగా ఆపే మార్చాలి.

నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి వేస్తే నేరుగా పోతున్నా బిగువు మొదలవుతుంది.

ఇసుకలో పోవాలంటే టైరు గాలి సగానికి తగ్గించండి. ట్యూబు టైర్లు కాబట్టి మరీ తగ్గిస్తే టైరు రిమ్ము మీద జారి వాల్వు తెగిపోతుంది, 18 పీఎస్‌ఐ కంటే కిందికి దించకండి. తారు ఎక్కేముందు మళ్లీ నింపాలి. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల తీరం మీదికి మాత్రం బండి దించొద్దు. చలికాలం నుంచి వేసవి మొదలు దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. నల్లరేగడిలో గాలి తగ్గించడం వల్ల పెద్ద లాభం లేదు. అక్కడ టైరు గాడులు బంకమట్టితో నిండిపోవడమే ఇబ్బంది. తడిసిన రేగడిలో ఆగకుండా ఒకే వేగంతో పోవాలి. ఆగితే దిగబడుతుంది, అప్పుడు చక్రాలు తిప్పినకొద్దీ హౌసింగు నేలకు ఆనుతుంది.

వాగు దాటాల్సి వస్తే ఫ్యాన్ బెల్టు తీసేయండి, లేకపోతే ఫ్యాను నీళ్లను డిస్ట్రిబ్యూటరు మీదికి చల్లి పెట్రోలు ఇంజను ఆగిపోతుంది. దాటాక బ్రేకులు తొక్కుతూ డ్రమ్ములు ఆరబెట్టండి. ఫ్యాన్ బెల్టు వెంటనే వేయడం మరచిపోవద్దు. మరుసటి రోజు హౌసింగు ప్లగ్గు కొంచెం వదులు చేసి చూడండి. మొదట వచ్చేది నీళ్లైనా, నూనె తెల్లబడి ఉన్నా మొత్తం మార్చాలి. వేడి హౌసింగు ఒక్కసారిగా నీళ్లలో చల్లబడితే సీళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. పైనుండే బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే రంధ్రం) మట్టితో మూసుకుపోయి ఉంటే ఇంకా ఎక్కువ.

బ్రేకులు, చక్రాలు

ఇక్కడ పొరపాటు చేస్తే ప్రాణం పోతుంది.

నిస్సాన్ బండ్లలో హ్యాండ్ బ్రేక్ చక్రాల మీద ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు మీద ఉంటుంది. వెనక ఒక చక్రాన్ని జాకీ మీద ఎత్తితే డిఫరెన్షియల్ గుండా ఆ చక్రం వదులుగా తిరుగుతుంది, బ్రేకు పట్టుకోదు, బండి జాకీ మీంచి దొర్లుతుంది. చక్రం ఎత్తేముందు మిగతా చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టాలి, ఎంత చదును నేలైనా సరే. పోతున్న బండిని ఈ బ్రేకుతో ఆపకూడదు, షాఫ్టు క్రాసులు విరుగుతాయి.

సైన్యం బండ్లలో రెండు ముక్కల రిమ్ములు వస్తాయి. హబ్బుకు బిగించే నట్లు ఒక వరస, రిమ్ము రెండు సగాలను కలిపే నట్లు ఇంకో వరస. గాలి ఉండగా ఆ రెండో వరస విప్పితే రిమ్ము పేలి మనిషిని లేపేస్తుంది. పంక్చరు షాపు కుర్రవాడికి ఈ రిమ్ము కొత్త కావచ్చు. పక్కనే నిలబడి, వాల్వు పిన్ను తీయించి, గాలి పూర్తిగా పోయిందని చూశాకే పానా పట్టుకోనివ్వండి. హబ్బు నట్లకు ఒక రంగు, రిమ్ము నట్లకు ఎరుపు వేసి ఉంచడం మంచి అలవాటు. రింగు లాకు ఉన్న రిమ్ములకు గాలి కొట్టేటప్పుడు చక్రాన్ని ఇనుప బోనులో పెట్టాలి. బోను లేకపోతే గొలుసు చుట్టి, బోర్లా పడుకోబెట్టి, దూరం నుంచి పొడుగు గొట్టంతో కొట్టాలి.

కొన్ని బండ్లలో ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మర, అంటే మామూలుకు తిరగేసి విప్పాలి. స్టడ్డు చివర ‘ఎల్’ అక్షరం ఉంటే అదే. తెలియక మామూలు వైపు తిప్పి స్టడ్డులు తెంపేస్తుంటారు. చక్రం మార్చాక 50 కిలోమీటర్లు పోయి మళ్లీ బిగించండి.

బ్రేకు నూనె గాలిలో తేమ పీలుస్తుంది, మన తీరంలో ఇంకా త్వరగా. ఏటా మార్చాలి. గాలి సాయంతో పనిచేసే బ్రేకులున్న ట్రక్కులో రోజూ ట్యాంకు కింది కుళాయి తిప్పి నీళ్లు వదలండి. గేజీలో గాలి సరిపడా ఎక్కేదాకా బండి కదిలించకండి.

ఎండ, పెట్రోలు, నీళ్లు

రోహిణి కార్తెలో పెట్రోలు బండి ఎక్కడో ఒకచోట ఆగిపోయి, అరగంటకు మళ్లీ స్టార్టవుతుంటే వేపర్ లాక్ అనుకోవచ్చు. పెట్రోలు గొట్టంలోనే ఆవిరై పంపుకు అందదు. పంపు మీద తడిబట్ట కప్పితే తేరుకుంటుంది. శాశ్వతంగా పోవాలంటే సైలెన్సరు పక్కనుంచి పోయే పెట్రోలు గొట్టాన్ని దూరం జరిపి, వేడి తగలని చుట్టు వేయించాలి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ ఇంజన్లు దానికోసం చేసినవి కావు. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి పొడిపొడి అవుతాయి, పంపు డయాఫ్రమ్ చీలుతుంది, తేమ పీల్చి ట్యాంకు అడుగున తుప్పు పడుతుంది. గొట్టాలూ డయాఫ్రమూ ఇథనాల్‌కు ఆగే రకం వేయించండి. పెట్రోలు ఫిల్టరు గాజుదైతే అడుగున చేరే నీళ్లూ తుప్పూ కంటికి కనిపిస్తాయి. మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంటే, కార్బురేటరు మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేయాలి. వాడని రోజుల్లో ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు నిల్వ ఉంచొద్దు.

రేడియేటరులో బోరు నీళ్లు పోయకండి. కనిగిరి, పామూరు వైపు నీళ్లు కఠినం, ఇంజను బ్లాకు లోపల సున్నం పేరుకుంటుంది. తీరం వైపు బోర్లు ఉప్పు, అవి తుప్పు పట్టిస్తాయి. ఆర్‌ఓ నీళ్లో వాన నీళ్లో తీసుకుని మూడోవంతు కూలెంట్ కలపండి. ఇంజను వేడెక్కుతోందని థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటరుకు నీళ్లు వదిలే కవాటం) పీకి పారేయడం మన దగ్గర బాగా అలవాటు. దానివల్ల అసలు రోగం బయటపడదు. ముందు రేడియేటరు రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించి, ఫ్యాన్ బెల్టు బిగువు చూడండి.

శక్తిమాన్ లాంటి పెద్ద బండ్లలో కరెంటు 24 వోల్టులు, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపినది. పాటల డబ్బాకో ఫోను ఛార్జరుకో ఒక బ్యాటరీ నుంచే వైరు లాగితే ఆ బ్యాటరీ ఎప్పుడూ సగం ఛార్జితో ఉండి, రెండోది అతిగా ఛార్జయి ఉడుకుతుంది. 24 నుంచి 12కి తగ్గించే కన్వర్టరు పెట్టండి. బ్యాటరీలు మార్చితే రెండూ ఒకేసారి, ఒకే రకం.

సామాన్లు, ఉప్పుగాలి

పాత సామాన్లకు దగ్గరలో ఉన్నది చెన్నై పుదుపేట, తర్వాత విజయవాడ ఆటోనగర్. పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్లండి, పేరు చెప్పి అడిగితే జోంగాది వన్ టన్‌కు అంటగడతారు. బేరింగులూ సీళ్లూ మిలిటరీవే కావాలని వెతకక్కర్లేదు. వాటిమీది నంబరు శుభ్రంగా తుడిచి రాసుకుంటే, లోపలి కొలత, బయటి కొలత, మందం చూసి ఏ బేరింగు కొట్లోనైనా ఇస్తారు. క్లచ్ ప్లేటును కొత్త లైనింగు వేయించి తెచ్చుకోవచ్చు. క్రౌన్ పినియన్ మాత్రం జతగానే కొనాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది వేస్తే కూత మొదలై త్వరలోనే రెండూ పోతాయి.

బండిలో ఎప్పుడూ ఉండాల్సినవి: ఫ్యాన్ బెల్టు, పెట్రోలు పంపు డయాఫ్రమ్, కండెన్సరు, పాయింట్లు, పెట్రోలు గొట్టం రెండు మూర్లు, ఒక ట్యూబు, బ్రేకు నూనె, రెండు చెక్క దిమ్మెలు, జాకీ కింద పెట్టడానికి మందపాటి చెక్క పలక. నల్లరేగడిలో ఆ పలక లేకపోతే జాకీ భూమిలోకి పోతుంది గానీ బండి లేవదు.

గుంటల గట్ల మీద తిరిగిన బండిని ఆరోజే కింద నుంచి కడగాలి, మంచినీళ్లతో. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే తుప్పుకు మనమే ఊతమిచ్చినట్టవుతుంది. ఛాసిస్ రైళ్ల లోపల, కమాను పట్టీల మధ్య నీళ్ల జోరు తగలాలి. ఆరాక ఛాసిస్‌కూ కమాన్లకూ పాత ఇంజను నూనె పూయడం మన వైపు ఉన్న అలవాటు. దానికన్నా గ్రీజును కిరోసిన్‌లో పలచగా కలిపి బ్రష్షుతో కొడితే ఎక్కువకాలం నిలుస్తుంది, రబ్బరు బుష్షులకూ బ్రేకు గొట్టాలకూ మాత్రం తగలనీయకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల రోజుల్లో బండి కదలకపోతే వారానికి ఒకసారైనా స్టార్ట్ చేసి, క్లచ్ పదిసార్లు తొక్కి, అటూ ఇటూ కొన్ని గజాలు నడపండి. తడి గాలికి క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది. నెలల తరబడి ఆపాల్సి వస్తే క్లచ్ పెడల్ తొక్కి, సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర అడ్డం పెట్టి ఉంచండి, హ్యాండ్ బ్రేక్ వదిలేసి చక్రాలకు దిమ్మెలు పెట్టండి, బ్యాటరీ ఎర్త్ వైరు తీసేయండి.